ఒక్క గింజ తక్కువ

మొన్న ఆదివారం మధ్యాహ్నం అంగడి షట్టరు సగం దించి, నేనూ మా మేనకోడలూ పది గ్రాముల బియ్యంలో ఎన్ని గింజలుంటాయో లెక్కపెట్టాం. మూటలు తూచే మా కాటా మీద పది గ్రాములు తూగవు. పక్క సందులో బంగారం పని చేసే ఆయన దగ్గర చిన్న కాటా అడిగి తెచ్చుకున్నాం. స్టీలు పళ్లెంలో పాత సోనా పోసి, చీపురుపుల్లతో పదేసి గింజలు పక్కకు జరుపుతూ పోయాం. పాప లెక్కకు 823 వచ్చింది, నా లెక్కకు 817. మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఇద్దరికీ లేదు. 820 దగ్గర రాజీపడ్డాం.

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో మా అంగడి. మా అబ్బ కాలం నుంచి బియ్యమే మా వ్యాపారం. కిలోలు, మూటలు, క్వింటాళ్లు తప్ప బియ్యాన్ని గింజల్లో చూసింది మాత్రం ఇదే మొదటిసారి. పాప "ఒకటి, రెండు" అని మొదలుపెడితే నా నోట అలవాటుగా "లాభం" వచ్చింది. పడితో కొలిచే రోజుల్లో మొదటి కొలతను మా నాయన ఒకటి అనేవాడు కాదు. లాభం, రెండు, మూడు... అలా సాగేది.

ఇంతకీ ఈ లెక్క ఎందుకంటే, పాప తొమ్మిదో తరగతి. బళ్లో ప్రాజెక్టు ఇచ్చారు, చార్టు మీద చదరంగం గళ్లు గీసి గింజల కథ రాయాలి. కథ మీకు తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాడిని ఏం కావాలో కోరుకోమని రాజు అడిగాడు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లకూ ఇమ్మన్నాడు వాడు. రాజు ముందు నవ్వాడు, తర్వాత నోరెళ్లబెట్టాడు. చార్టు కింద పాప ఎర్ర స్కెచ్చుతో మొత్తం రాసింది: 18446744073709551616.

అది తప్పు. చివర ఆరు కాదు, అయిదు. ఒక్క గింజ ఎక్కువ రాసింది.

"ఇంత పెద్ద సంఖ్యలో ఒక్క గింజ ఏం లెక్క మామా?" అంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. నా పట్టుదల ఏమిటంటే, ఈ సంఖ్యలో అసలు విషయమంతా ఆ ఒక్క గింజలోనే ఉంది. పెద్దది కావడం దాని గుణాల్లో అన్నిటికన్నా చప్పనిది. కానీ ఈ కథ చెప్పే ప్రతివాళ్లూ "అబ్బో, ఎంత పెద్దదో!" అన్నచోటే ఆగిపోతారు.

ఆ అబ్బో ఏదో ముందు కానిచ్చేద్దాం. పది గ్రాములకు 820 గింజలంటే కిలోకు 82,000. పాతిక కిలోల మూటలో ఇరవై లక్షల యాభై వేలు. చదరంగం పలక మీద మొదటి 21 గళ్లు నిండితే ఇరవై లక్షల తొంభై ఏడు వేల చిల్లర, అంటే మా అంగట్లో ఒక మూట మీద కొంచెం. 32 గళ్లు, సగం పలక, నిండేసరికి 52 టన్నులు, అయిదు లారీల సరుకు. ఇంతవరకు కర్నూల్లో ఏ మిల్లరైనా తూకం వేసి ఇవ్వగలడు. మొత్తం పలకకు మాత్రం 22,500 కోట్ల టన్నులు కావాలి. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. నాలుగు వందల ఏళ్లు తినకుండా దాచినా చాలదు. సరే, పెద్దదే. తర్వాత?

తర్వాత మా చిన్నాయన సంగతి చెప్పాలి. 1990ల చివర్లో ఊళ్లో ఒక గొలుసుకట్టు స్కీము వచ్చింది. పేరు వద్దు. నువ్వు డబ్బు కట్టి చేరాలి, ఇద్దరిని చేర్చాలి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరిని చేర్చాలి. కల్యాణమండపంలో మీటింగు, టిఫిను, టై కట్టుకున్న ఒక మనిషి. నన్నూ తీసుకుపోయాడు చిన్నాయన. స్టేజీ మీద ఆ టై మనిషి చెప్పిన కథేదో తెలుసా? ఇదే చదరంగం కథ. బోర్డు మీద 1, 2, 4, 8 అని రాసుకుంటూ పోయి, "గింజకు బదులు మనిషిని పెట్టుకోండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. చిన్నాయన నా మోకాలి మీద చరిచి, "ఇది యాడిదాకా పోతాదో చూడరా!" అన్నాడు.

అందుకే, "జనానికి రెట్టింపు ఎంత తొందరగా పెరుగుతుందో తెలియక మోసపోతారు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా చిన్నాయనకు బాగా తెలుసు. తెలిసే చేరాడు. పెద్ద సంఖ్య ఆయన్ను హెచ్చరించలేదు సరికదా, ఎరగా పనికొచ్చింది. ఆయనకు తెలియనిది ఆ ఒక్క గింజ సంగతి.

మూడు వరుసలు చూడండి: 1, 2, 4. చివరి వరుసలో నలుగురు, పైన ముగ్గురు. నాలుగు వరుసలైతే కింద ఎనిమిది, పైన ఏడు. పది వరుసలైతే కింద 512, పైన 511. ఎన్ని వరుసలైనా అంతే. అడుగు వరుస ఒక్కటే దాని పైనున్న వాళ్లందరికన్నా ఒకరు ఎక్కువ. అరవై నాలుగో గడి ఒక్కటే మిగిలిన 63 గళ్లను కలిపినదానికన్నా ఒక గింజ ఎక్కువ. అడుగు వరుసవాళ్ల కింద ఎవరూ ఉండరు, కాబట్టి వాళ్లకు పైసా రాదు. అంటే స్కీము ఏ రోజు ఆగినా, ఎంత చిన్నగా ఉన్నా ఎంత పెద్దగా ఉన్నా, చేరినవాళ్లలో సగానికి పైన మునిగినవాళ్లే. దీనికి 64 దాకా పోవాల్సిన పనే లేదు, మూడు వరుసల్లోనే కనిపిస్తుంది. పైగా 22 వరుసలు నిండాలంటే 41,94,303 మంది కావాలి. విడదీయక ముందు మా కర్నూలు జిల్లా మొత్తం జనాభా 2011 లెక్కల్లో 40,53,463. చంటిపిల్లలతో సహా చేర్పించినా చివరి వరుస నిండదు.

ఇలాంటి స్కీములను నిషేధించే చట్టం 1978లోనే వచ్చింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. చిన్నాయన ఏ వరుసలో ఉన్నాడో చెప్పక్కరలేదు కదా. 2009 వరదలో అంగట్లో కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి గానీ అటక మీదున్న ఆ స్కీము పుస్తకం మాత్రం చెక్కుచెదరలేదు. ఇంట్లో ఇప్పటికీ ఎగతాళికి తీస్తుంటారు.

ఇప్పుడు సంఖ్య దగ్గరికి వద్దాం. పాప చార్టు చూడగానే తప్పు ఎలా పట్టానంటే, నాకు ఆ సంఖ్య తెలుగులో తెలుసు. పదకొండో శతాబ్ది నాటి పావులూరి మల్లన పేరున చెప్పుకునే ఒక చంపకమాలలో ఇరవై అంకెలూ మాటలుగా ఉంటాయి. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన మల్లనే ఆయన. పద్యం "శర, శశి, షట్క, చంద్ర" అని మొదలవుతుంది. శరాలంటే మన్మథుడి బాణాలు, అయిదు. శశి ఒకటి. షట్కం ఆరు. చంద్రుడు మళ్లీ ఒకటి. అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలన్నది పాత పద్ధతి, కాబట్టి చివర 1615 అని తేలుతుంది. తర్వాత శర, సాయక, రంధ్ర, వియత్తు, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. వాటి అంకెలు వరసగా 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. ఎడమనుంచి తిప్పి రాసుకోండి, ఒక్క అంకె తప్పదు.

నాకు ఈ పద్యంలో ముచ్చటేసేది ఆ మాటల ఎంపిక. ఏడు మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ కొండే: నగ, భూధర, గిరి. ఒకటి మూడుసార్లు, మూడుసార్లూ చందమామే. నాలుగుకు మాత్రం సముద్రం రెండుసార్లు, వేదం ఒకసారి, ఆఖరికి బ్రహ్మ ముఖాలు. ఇంకో తమాషా చూడండి. రెండునే అరవై నాలుగుసార్లు వేసి హెచ్చించి పుట్టించిన సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కచోటా లేదు. అందుకే రెండుకు గుర్తులైన కన్నులూ రెక్కలూ పద్యంలోకి రావాల్సిన పనిపడలేదు.

ఈ సంఖ్య తేల్చడానికి 64 సార్లు రెట్టింపు చేస్తూ కూర్చోనక్కర్లేదు. రెండును దానితోనే హెచ్చిస్తే 4, నాలుగును నాలుగుతో 16, ఆ తర్వాత 256, 65536, 4294967296, ఇంకొక్కసారి హెచ్చిస్తే 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు. దాంట్లోంచి ఒక గింజ తీసేస్తే సరి. ఆ కాలానికి దగ్గర్లోనే మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ కూడా చదరంగం గింజలకు ఇదే మొత్తం రాసిపెట్టాడు. పదహారును ఎన్నిసార్లు హెచ్చించినా చివర ఆరే వస్తుంది, ఒకటి తీసేస్తే అయిదు. అంటే మల్లన మొదటి మాట "శర" అయ్యి తీరాలి. పాపకు ఇది చెప్పగానే వైట్నర్ వెతుక్కుంది.

చివర అయిదు అంటే అయిదుతో తెగుతుంది. పాప చివర రాసిన ఆరుతో అయితే ఆ సంఖ్య రెండు తప్ప మరేదీ లేని మొద్దు: 2 × 2 × 2... అరవై నాలుగు సార్లు. లోపల చూడటానికి ఏమీ లేదు. ఒక్క గింజ తీసేయగానే రెండు పూర్తిగా మాయమై, దాని చోట ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు వచ్చి కూర్చుంటాయి. ఎలాగో పలక మీదే చూపిస్తా.

మొదటి వరుసలో ఎనిమిది గళ్లు. మొత్తం 255 గింజలు, మూడు గ్రాములు. రెండో వరుసలో ప్రతి గడీ పైగడికి 256 రెట్లు. కాబట్టి రెండు వరుసలూ కలిపితే 255 ఒకసారి, 255 ఇంకో 256 సార్లు, వెరసి 255 × 257. తర్వాతి రెండు వరుసలు ఈ రెండు వరుసలకు 65536 రెట్లు. కాబట్టి నాలుగు వరుసలు అంటే 255 × 257 × 65537. మిగిలిన సగం పలక ఈ సగానికి 4294967296 రెట్లు. మొత్తం పలక: 255 × 257 × 65537 × 4294967297. ఆ 255 కూడా ఇలాగే 3 × 5 × 17గా విడిపోతుంది. బళ్లో వర్గాల భేదం సూత్రం అని బట్టీ పట్టించేది ఇదే. ఆ సూత్రం గింజల్లో కనిపిస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్లొచ్చాక అంగట్లో కూర్చుని చూసుకున్నాను.

దీని పక్కన మా ఊరి పిన్‌కోడు పెట్టి చూడండి, 518001. ఆరంకెలే. అంకెలు కూడితే 15, మూడుతో తెగుతుంది, 172667 మిగులుతుంది. అది పదకొండుతో తెగుతుంది, మళ్లీ పదకొండుతో తెగుతుంది. ఇక 1427 దగ్గర చిక్కుపడ్డాను. 37 దాకా ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించి చూస్తే గానీ అది ఇక తెగదని తేలలేదు. మధ్యలో ఇద్దరు గిరాకీలు వచ్చిపోయారు. అనంతపురం 515001 అయితే 3 × 41 × 53 × 79, కడప 516001 అయితే 17 × 127 × 239. ఒక్కోదానికి ఒక్కో తంటా. ఇరవై అంకెల సంఖ్యేమో గళ్లను సగం సగం చేస్తూ పోతే అయిదు నిమిషాల్లో దాదాపు విడిపోయింది. ఒక సంఖ్య కష్టమా సులువా అన్నది దాని పొడుగు చెప్పదు, పుట్టుక చెబుతుంది.

దాదాపు అన్నాను. ఆ చివరి 4294967297 దగ్గర ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అంతటివాడే కాలుజారాడు. 2, 4, 16, 256, 65536లకు ఒక్కొక్కటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే, కాబట్టి ఆ వరసలో తర్వాతవీ అవే అయి ఉంటాయని పదిహేడో శతాబ్దిలో నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. 641 × 6700417. ఆయన గుడ్డిగా వెతకలేదు. ఇలాంటి సంఖ్యను తెంచే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే ఒకటి మిగిలేలా ఉండాలని ముందే తేల్చుకున్నాడు. ఆ షరతుకు నిలిచేవి వరసగా 193, 257, 449, 577, 641. అయిదోదే దొరికింది.

641 ఎందుకు తెంచుతుందో భాగహారం చేయకుండానే చెప్పొచ్చు, కాగితం మీద రెండు ముక్కలు చాలు. 641 అంటే 5 × 128 మీద ఒకటి. 641 అంటే 625కు 16 కలిపినది కూడా. మొదటి ముక్క ప్రకారం, 641తో భాగించేటప్పుడు 5 × 128ని మైనస్ ఒకటి కింద చూడొచ్చు. దాన్ని నాలుగుసార్లు వేసి హెచ్చిస్తే మైనస్సులు పోయి ఒకటి అవుతుంది. అంటే 625ను 2 ఇరవై ఎనిమిదో ఘాతంతో హెచ్చిస్తే శేషం ఒకటి. రెండో ముక్క ప్రకారం 625 బదులు మైనస్ 16 పెట్టండి. పదహారు అంటే రెండు నాలుగో ఘాతం, కాబట్టి మొత్తం, రెండు ముప్పై రెండో ఘాతానికి ముందు మైనస్ పెట్టినది అవుతుంది, దాని శేషం ఒకటి. ఇంకేముంది, రెండు ముప్పై రెండో ఘాతానికి ఒకటి కలిపితే శేషం సున్నా. నేను దీన్ని చీటీల పుస్తకం వెనకాల మూడుసార్లు రాసుకుని చూశాను, చదివినదానికన్నా రాసినప్పుడు ఎక్కువ నచ్చింది.

ఫెర్మా వరసలో ఆ మొదటి అయిదు తప్ప ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా దొరకలేదు. మూడు, అయిదు, పదిహేడు ఉన్న మొదటి వరుసలోనే ఇంకో కథ ఉంది. స్కేలూ కంపాసూ మాత్రమే వాడి 17 భుజాల సమబహుభుజిని గీయొచ్చని 1796లో జర్మన్ గణితవేత్త గౌస్ కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. అలా గీయడానికి వీలయ్యే బేసి భుజాల బొమ్మల్లో మనకు తెలిసినంతలో అన్నిటికన్నా పెద్దదానికి 4294967295 భుజాలు. అది సరిగ్గా సగం పలక గింజల మొత్తం, మన అయిదు లారీల బియ్యం. ఇక 65537ను వెబ్‌సైట్ల తాళాలకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఎక్కువగా పెట్టుకుంటారు. ఒకట్లూ సున్నాలతోనే రాసే కంప్యూటరు భాషలో అందులో రెండే ఒకట్లుంటాయి, గుణకారాలు తక్కువ పడతాయి.

అంకెల కూడిక చూసి బతికే మిత్రులకూ ఒక మాట. కొత్త బండికి నంబరు కూడితే తొమ్మిది రావాలని ఆరాటపడే గిరాకీ ఒకాయన ఉన్నాడు నాకు, మంచివాడు, బాకీ పెట్టడు. మల్లన సంఖ్యను కూడితే 87, తర్వాత 15, తర్వాత 6. దానర్థం తొమ్మిదితో భాగిస్తే ఆరు మిగులుతుందని, అంతే. అది కూడా మనకు పది వేళ్లున్నాయి కాబట్టి వచ్చిన ఆరు. ఇదే సంఖ్యను కంప్యూటరు రాసుకుంటే వరసగా అరవై నాలుగు ఒకట్లు, కూడితే 64. రాసే తీరు మారితే కూడిక మారిపోతుంది. 641 మాత్రం ఎక్కడికీ పోదు, ఏ భాషలో రాసినా లోపలే ఉంటుంది. అన్నట్టు 64 గళ్ల ఖాతా ఉన్న కంప్యూటరుకు ఇదే ఆఖరి సంఖ్య. ఇంకొక్క గింజ వేస్తే పాత బస్సు మీటరులా గిర్రున తిరిగి సున్నాకు వస్తుంది. పాప రాసిన, చివర 1616 ఉన్న సంఖ్యను ఆ ఖాతాలో వేస్తే అక్కడ కనిపించేది సున్నానే.

ఇదంతా విన్నాక పాప చార్టు కింద ఆరును దిద్ది అయిదు చేసింది, ఆ పక్కన ఏడు కారణాంకాలనూ ఏడు రంగుల్లో రాసింది. మార్కులు వేసేవాళ్లు అడిగింది అది కాదని నాకు తెలుసు, చెప్పలేదు. లెక్కపెట్టిన గింజలను డబ్బాలోకి వంచుతుంటే అడిగింది: "మామా, ఈ పలక పక్కనే ఇంకో పలక పెట్టి అట్లే రెట్టింపు చేసుకుంటా పోతే?"

పద్ధతి అదే కదా, ఈ మొత్తాన్ని 18446744073709551617తో హెచ్చించాలి. ఆ సంఖ్యను 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన విడదీశాడు, అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. 274177 × 67280421310721 అని కాగితం మీద రాసిచ్చాను. నిజమో కాదో తనే చూస్తానంది. రాత్రి ఎనిమిదింటికి షట్టరు పూర్తిగా దించేటప్పటికి, మూటల మీద బోర్లా పడుకుని నాలుగో వరుస గుణకారంలో ఉంది.